ఇంటి కరెంటు లెక్క ఇంట్లోనే

2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మొదలయ్యాక, 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందన్న మాట ఊరూరా తెలిసింది. ప్యానెళ్లు ఏ కంపెనీవి, బ్యాటరీకి వారంటీ ఎన్నేళ్లు అని అడుగుతున్నాం. వాటి కరెంటు లెక్కలు ఎక్కడికి పోతున్నాయని మాత్రం అడగడం లేదు. చాలా ఇన్వర్టర్లు వైఫై మీదుగా కంపెనీ సర్వర్‌కు లెక్కలు పంపుతాయి, మన ఫోన్‌లోని యాప్ వాటిని అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. తుపాను రాత్రి కరెంటుతో పాటు ఇంటర్నెట్టూ పోతే, బ్యాటరీలో ఎంత మిగిలిందో సరిగ్గా తెలియాల్సిన గంటలోనే ఆ యాప్ పనికిరాదు. పైగా చాలా యాప్‌లు కొన్ని నిమిషాలకోసారి మాత్రమే అంకె మారుస్తాయి. బోరు మోటారు ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటు ఆ అంకెల్లో కనిపించదు, ఇన్వర్టర్ ట్రిప్ అయ్యేది మాత్రం ఆ క్షణంలోనే. అందుకే ఇన్వర్టర్ తన లెక్కలను నేరుగా వైరు మీద ఇచ్చే మోడ్‌బస్ పోర్టుకు వైరు తగిలించి, ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లో హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు చూసుకోవడమే మేలని నా వాదన.

ఇదంతా సామాన్యుడికి తలకు మించిన పని అనవచ్చు. నిజమే, మొదట అమర్చడానికి తెలిసినవాళ్లు కావాలి. కానీ సోలార్ బిగించేవాళ్లే ఆ పోర్టు ఉన్న ఇన్వర్టర్ ఇచ్చి, వైరు లాగి వెళ్తే సగం కష్టం తీరుతుంది. సర్వీసుకు కంపెనీ సర్వర్ కావాలంటే అదీ ఉండనివ్వండి. ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చెప్పగల లెక్కలివి, కనుక వాటి మొదటి ప్రతి ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి.