ఖాకీ చొక్కాలో నవ్వు

పోలీసును చూచి జంకనివాడూ, పోలీసును తలచుకొని నవ్వనివాడూ మనలో బహు అరుదు. ఎదుట పడితే జంకు, చాటుకు వెళితే నవ్వు. పొట్టమీద బెల్టు నిలవని హెడ్డుగారు, దొంగ సందు తిరిగిన తరువాత తీరిగ్గా ఈల వేసే కానిస్టేబులు మన సినిమాల్లో ఎన్నిసార్లు రాలేదు! ఈ సరకు మన ఒక్కరి సొత్తే కాదు. అమెరికావారు దీనితో పెద్ద వ్యాపారమే చేశారు.

1984లో అక్కడ ‘పోలీస్ అకాడమీ’ అనే సినిమా వచ్చింది. దర్శకుడు హ్యూ విల్సన్. కథ చిటికెడు. ఒక నగరానికి కొత్తగా వచ్చిన మేయరు, పోలీసు ఉద్యోగానికి ఎత్తు, బరువు వగైరా నిబంధనలన్నీ ఎత్తివేశారు. ఇంకేం, ఎవరికీ అక్కరలేనివాళ్లంతా వచ్చి చేరారు. పిల్లికూన గొంతుతో మాట్లాడే ఒక అమ్మాయి, తుపాకీ అంటే పడిచచ్చే ఒక ప్రబుద్ధుడు, కొండలాంటి ఒంటితో పువ్వులమ్ముకొనే ఒక సాధువు, నోటితోనే సమస్త యంత్రాల మోతలూ పుట్టించే మరొక యువకుడు. వీళ్లను విసిగించి వెళ్లగొట్టాలని పైవాళ్ల పంతం. తీరా ఊళ్లో అల్లర్లు చెలరేగిన రోజున నిలబడినవాళ్లు వీళ్లే. సుమారు 45 లక్షల డాలర్లతో తీసిన ఆ చిత్రం ఒక్క అమెరికా ప్రాంతంలోనే 8 కోట్ల పైచిలుకు రాబట్టింది. ఆ రుచి మరిగి 1994 వరకు మొత్తం ఏడు చిత్రాలు తీశారు.

అంతటితో ఆగితే బాగుండేది. 1997లో దానిని టెలివిజన్ సీరియల్ చేశారు. చిత్రీకరణ కెనడాలోని వాంకూవర్‌లో. శిక్షణకు వచ్చిన విద్యార్థులంతా కొత్తవాళ్లు. నోటితో మోతలు చేసే మైఖేల్ విన్‌స్లో ఒక్కడే పాతవాళ్లలో నిలకడగా కనిపించాడు. 26 భాగాలు నడిచి, 1998లో సీరియల్ మూతపడింది.

ఈమధ్య మా అబ్బాయి కంప్యూటరులో వెదికిపెడితే అందులో కొన్ని భాగాలు చూశాను. విన్‌స్లో విద్యకు వంకపెట్టలేం. నేరెళ్ల వేణుమాధవ్‌గారి ధ్వన్యనుకరణ ఎరిగిన తెలుగువాళ్లకు గొంతు ఎన్ని వేషాలు వేయగలదో ఒకరు చెప్పనక్కరలేదు. తక్కినవాళ్లూ శాయశక్తులా గెంతారు, పడ్డారు, బురదలో దొర్లారు. అయినా నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే మా నాన్నగారు గుర్తుకు వచ్చారు.

నాన్న కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. నేను కాలేజీలో చదివే రోజుల్లో మా ఇంటికి కేబుల్ టి.వి. వచ్చింది. ఒక రాత్రి ఆ మొదటి సినిమా వేశారు. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. పడక్కుర్చీలో కూర్చుని, ముఖం గంటు పెట్టుకొని చూస్తున్నారు. మేం నవ్వితే ఆయన నవ్వలేదు. తీరా సినిమా చివర, ఆ పిల్లికూన గొంతు అమ్మాయి ఒక దుండగుణ్ణి పట్టుకొని గావుకేక పెట్టింది. నాన్న ఒక్కసారిగా పగలబడి నవ్వారు. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వారు. తరువాత కండువాతో ముఖం తుడుచుకొని, “ట్రైనింగులో మొదట్లో నా గొంతూ అంతేరా” అన్నారు.

“మీ గొంతా!” అన్నాను. వీధి చివరనుంచి పిలిస్తే ఉలిక్కిపడి లేచే గొంతు ఆయనది.

“మీ తాతను చూచావుగా, ఒకరింట్లో పాలేరు. పెద్దవాళ్ల ముందు గొంతెత్తితే తప్పని నన్ను పెంచారు. గొంతెత్తకపోతే తప్పని అక్కడ గ్రౌండు చుట్టూ పరుగెత్తించారు.”

అంతకుమించి ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

హాస్యరసాన్ని గురించి ఏటా క్లాసులో చెబుతూ వుంటాను. తాను నవ్వితే ఆత్మస్థమనీ, ఇతరులను నవ్విస్తే పరస్థమనీ భరతుడు విడదీశాడు. స్మితం మొదలు అతిహసితం దాకా నవ్వులను ఆరుగా లెక్కపెట్టాడు. వికృతమైన వేషం, మాట, చేష్ట నవ్వుకు కారణాలన్నాడు. ఇవన్నీ నా నోట్సులో వున్నాయి. ఆ రాత్రి నాన్న నవ్విన నవ్వు మాత్రం ఆ ఆరింటిలో ఏదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఒకటి మాత్రం తెలిసింది. సినిమాలో ఆ అమ్మాయికి పోయేది వుంది. కేక పెట్టలేకపోతే ఉద్యోగం లేదు, గౌరవం లేదు. అందుకే ఆ కేక మనకు నవ్వూ తెప్పించింది, గుండెనూ తాకింది. సీరియల్‌లో ఆ ఇబ్బంది ఎవరికీ లేదు. వచ్చే వారం మళ్లీ వీళ్లే రావాలి గనుక ఎవరినీ ఇంటికి పంపడానికి వీల్లేదు. శిక్షణ ముగిసిపోతే కథే లేదు గనుక అది ముగియడానికీ వీల్లేదు. ఓటమీ గెలుపూ లేని ఆటలో ఎన్ని పిల్లిమొగ్గలు వేస్తే మాత్రం ఏం లాభం?

సినిమాను సీరియల్ చేయడమే పొరపాటంటారా? నేనలా అనుకోను. అదే దేశంలో ‘మాష్’ అనే చిత్రం 1970లో వచ్చింది. కొరియా యుద్ధంలో పనిచేసిన సైనిక వైద్యుల హాస్యకథ. దాన్ని 1972లో సీరియల్ చేస్తే 1983 వరకు పదకొండు సీజన్లు నడిచింది. అసలు యుద్ధమేమో మూడేళ్లలో ముగిసింది! అక్కడ డాక్టర్లు ఎన్ని చలోక్తులు విసురుకొన్నా గాయపడ్డవాళ్లు వస్తూనే వుంటారు. ఆ నెత్తురు తడి మీద మొలిచిన నవ్వు గనుక అన్నేళ్లు వాడలేదు.

ఈసారి తెరమీద ఖాకీ చొక్కా కనబడి మీకు నవ్వు వస్తే, మీరూ కాస్త పరకాయించి చూడండి. ఆ చొక్కాలో మనిషి వున్నాడా, పొట్ట ఒక్కటే వున్నదా? మనిషి వుంటే ఆ నవ్వు మీ ఇంట్లో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పొట్ట ఒక్కటే అయితే 26 భాగాలు కూడా ఎక్కువే.