నక్కవాగు నుండి తోడేలు దాకా

పటాన్‌చెరు ప్రాంతం గుండా పారి మంజీరలో కలిసే వాగుకు నక్కవాగు అని పేరు. 1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వచ్చింది. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు చేరి వాగు, దాని పక్క పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. వాగు గురించి చాలామంది రాశారు. నేను ఆ పేరులోని జంతువుకు పెద్దన్న వంటి తోడేలు గురించి రాయదలిచాను.

తోడేలు అనగానే మనకు గొర్రెల కాపరి ఉపమానమే గుర్తొస్తుంది. మందను చెదరగొట్టేదిగానే దాన్ని ఎరుగుదుం. దాని ఇంటి సంగతి మనకు తెలియదు.

అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెచ్ 1986 నుండి ఎన్నో వేసవులు కెనడాకు ఉత్తరాన, మంచు సీమలోని ఎల్స్‌మియర్ ద్వీపంలో తెల్ల తోడేళ్ల చెంత గడిపారు. వేటగాళ్లను అంతగా ఎరుగని ఆ తోడేళ్లు ఆయనను దగ్గరకు రానిచ్చాయి. అంతకు ముందు పరాయి తోడేళ్లను ఒకే బోనులో ఉంచి చూసినవారు, గుంపంటే పెత్తనం కోసం పోట్లాటే అనుకున్నారు. (పరాయివాళ్లను ఒక గదిలో పెడితే మనుషులైనా అంతే గదా!) మెచ్ 1999లో రాసినది వేరు. గుంపంటే సాధారణంగా ఒక తల్లి, ఒక తండ్రి, వాటి పిల్లలు. వేట నుండి వచ్చిన పెద్దల మూతిని పిల్లలు నాకితే, అవి కడుపులోని మాంసాన్ని కక్కి పెడతాయి. నిరుటి పిల్లలు కూడా ఈ ఏటి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అలాగే తెచ్చిపెడతాయి. తోక దించి, చెవులు వెనక్కి మడిస్తే అది పెద్దలకు లొంగి ఉండటం. తోక పైకెత్తితే అధికారం. దగ్గరి మాటకు కుయ్‌మనడం, గుర్రుమనడం చాలు. దూరాన ఉన్నవాటిని పిలవడానికి ఊళ. అది మైళ్ల దూరం వినబడుతుంది.

మన తోడేలుదీ ఇదే కాపురం. అది దట్టమైన అడవిలో కంటే మెట్ట నేలల్లో, గడ్డి బీళ్లలో ఎక్కువగా బతుకుతుంది. సదాశివపేట, జహీరాబాద్ వైపు పోతుంటే కనబడే దక్కను మెట్టలు అటువంటివే. అయితే గొర్రెల మంద బతికేదీ ఆ బీళ్లలోనే. ఒక్క గొర్రెపిల్ల పోతే కాపరి ఇంట్లో లోటు ఎంతో మనకు తెలుసు, అతని కోపం న్యాయమే. కాని కళేబరంలో విషం పెడితే చచ్చేది ఒక దొంగ మాత్రమే కాదు. తల్లో తండ్రో పోతే ఆ కుటుంబమే చెదిరిపోవచ్చు. 1972 చట్టం ప్రకారం తోడేలును చంపడం నేరం కూడా. మంచి కుక్కలు, రాత్రికి గట్టి ముళ్లకంప దొడ్డి, మేలుకొని ఉండే మనిషి, ఇవి పాత ఉపాయాలే గాని పనికొచ్చేవి.

ఏడాది, రెండేళ్లు నిండాక పిల్ల తోడేలు ఇల్లు విడిచి తోడును, సొంత నేలను వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఇప్పుడు దాని దారిలో ముంబై రహదారి, ఫ్యాక్టరీల ప్రహరీగోడలు, బీళ్లలో పాతిన ప్లాట్ల హద్దురాళ్లు.