క్యాసెట్టు మీద లేని పేరు

మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉన్నది. అందులో మా అబ్బా నడిపిన మైకుసెట్టు వ్యాపారపు అవశేషాలున్నవి: రెండు హారన్లు, తుప్పుపట్టిన ఒక స్టాండు, నలభై యాభై క్యాసెట్లు. విజయనగరంలో బాబా ఉరుసుకైనా, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికైనా ఆ హారన్లే వెళ్లేవి. వాటికి మతభేదము తెలియదు. అద్దె బాకీ మాత్రము రెండు చోట్లా సమానముగానే ఉండేది. ఆ క్యాసెట్లలో ఒకదాని మీద ఎనిమిది పాటల పేర్లున్నవి. అమ్మిన సంస్థ పేరు పెద్ద అక్షరాలలో ఉన్నది. పాడిన మనిషి పేరు లేదు. పాడినది మా మామూ.

మామూ వృత్తిచేత దర్జీ. మిషను తొక్కుతూ పదాలు కట్టేవాడు. కలకత్తాకూ, మద్రాసుకూ వలసపోయే కూలీల మీద, వారిని మింగే రైలు మీద. 1994లో ఒక క్యాసెట్ల సంస్థ వారు ఆయనను పిలిపించి, ఒక పూటలో ఎనిమిది పాటలు పాడించుకొని, అచ్చుకాగితం మీద సంతకము తీసుకొని, ఆరువందల రూపాయలూ బస్సు ఖర్చులూ ఇచ్చి పంపినారు. ఆ పాటలు మూడేళ్లు ఊరూరా మోగినవి. మరల వెళ్లి అడిగితే, హక్కులన్నీ రాసిచ్చేశావు కదా అన్నారట. ఆయన చదివి పెట్టిన సంతకము కాదది.

సంగీత వ్యాపారమనగానే మన విద్యార్థులకు సినిమా, స్టూడియో, లక్షలు గుర్తుకు వచ్చును. నాకు ఆ అచ్చుకాగితము గుర్తుకు వచ్చును. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రోజులలో ప్రబంధ కవుల అంకిత పద్యాలను గూర్చి పుటలకు పుటలు వ్రాసినాను కాని, కవికి దక్కినదెంత, ఏ ఒప్పందము మీద దక్కినది అన్న ప్రశ్న నన్నెవరూ అడుగలేదు, నేనూ అడుగలేదు.

మన దేశంలో ఈ వ్యాపారము 1902లో కలకత్తాలో మొదలయినదని చెప్పవచ్చును. గ్రామఫోను కంపెనీ పంపిన గైస్‌బర్గ్ అనే నిపుణుడు గౌహర్ జాన్ పాటను ముద్రించినాడు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకొన్నది. ప్లేట్లు తయారయ్యేది జర్మనీలోని హానోవరులో. అక్కడివారు చీటీ తప్పుగా అంటించకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. పాటకు పేరు అంటిపెట్టుకొని ఉండవలెనన్న సమస్య అంత పాతది.

ఇక ప్లేటు కొలత సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పలకకు ఒక్కొక్క వైపున మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. ఆదిభట్ల నారాయణదాసు గారు 1919లో మన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులయినారు. ఆయన హరికథను మూడు నిమిషాలకు కుదించుట కడివెడు నీటిని ఉగ్గుగిన్నెలో పోయుట వంటిది. అదే కళాశాలలో చదివిన ఘంటసాల, సుశీల గారల పాటలు మాత్రము ఆ కొలతలోనే పుట్టి, ఆ కొలతలోనే దేశమంతా తిరిగినవి. పాట నిడివిని గాయకుని ఊపిరి ఎంత నిర్ణయించినదో లక్క పలక కూడా అంతే నిర్ణయించినది. 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్టు ఆ పరిమితిని తొలగించినది; ముద్రణకు పెద్ద కర్మాగారము అవసరము లేకపోయినది. మా మామూ వంటి దర్జీ పాట బజారుకు రావడానికి కారణము అదే. ఆయన మోసపోవడానికి వీలు కల్పించినదీ అదే.

నిరుడు శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి చదువుకొంటున్న ఒక కుర్రవాడు తరగతి అయినాక ఆగి, మడిచిన కాగితమొకటి ఇచ్చినాడు. అతని తాతగారు జముకులకథ చెప్పే మనిషి.

"సార్, తాత కథ యూట్యూబులో ఎడతారంట. ఇందులో ఏటి రాసుందో ఓపాలి చూడండి."

చూచినాను. ప్రపంచమంతటా, శాశ్వతముగా, ఇప్పుడున్నవీ ఇకపై పుట్టబోయేవీ అయిన సకల సాధనాలలో, అని ఉన్నది. ప్రతిఫలము ఒక్కసారి అయిదువేలు.

ఆ సాయంత్రము ఇద్దరమూ కూర్చుని 1957 నాటి కాపీరైటు చట్టాన్ని, 2012లో జరిగిన సవరణతో కలిపి చదివినాము. తెలుగు మాస్టారు చట్టము చదువుట కొంత నవ్వులాటే. అయినా దత్తపది పూరించుట కంటె కష్టమేమీ కాదు. ఒకే పాటలో వేర్వేరు ఆస్తులున్నవి. మాట, బాణీ కట్టినవారిది ఒకటి. రికార్డు చేయించిన వానిది మరొకటి. తరతరాల కథకు కర్త లేకపోవచ్చును కాని, చెప్పిన మనిషికి ప్రదర్శకుని హక్కు విడిగా ఉన్నది. వాణిజ్యానికి వాడుకొంటే రాయల్టీ కూడా ఉన్నది. కాగితంలో గడువు వ్రాయకపోతే అయిదేళ్లే అని భావించవలెను. ప్రాంతము వ్రాయకపోతే భారతదేశమంతే. కొత్తగా పుట్టే సాధనము, ప్రత్యేకముగా పేర్కొననిదే, పాత ఒప్పందములోకి రాదు. 'పుట్టబోయేవి' అన్న మాటను ఎందుకు అంత జాగ్రత్తగా చేర్చినారో అప్పుడు బోధపడినది.

మరొక చిన్న సంగతి. ఈనాడు అధికారికముగా విడుదలయ్యే రికార్డింగుకు ఐ.ఎస్.ఆర్.సి. అనే పన్నెండు అక్షరాంకెల గుర్తు ఇస్తారు. వినికిడి లెక్కలు, పైకము ఆ గుర్తు వెంటనే నడుస్తవి. దానితో జత చేసిన వివరాలలో తాతగారి పేరు లేకపోతే, పైకము దారి తెలిసికూడా ఆయన గుమ్మానికి రాదు. గౌహర్ జాన్ నోటితో చేసిన పని ఇప్పుడు ఆ పట్టిక చేయవలె.

మేము మూడు చోట్ల గీతలు కొట్టి, గడువు అయిదేళ్లనీ, పేరు వేయవలెననీ, రాబడిలో వాటా ఇవ్వవలెననీ వ్రాసి పంపినాము.

ఈ సంగతి మామూకు చెబితే, "మరి నాది?" అన్నాడు. ఆయన ఒప్పందము సవరణకు పద్దెనిమిదేళ్ల ముందుది. అందులో ఏముందో చూడనిదే ఏమీ చెప్పలేనన్నాను. నకలు ఆయన దగ్గర లేదు. తనకు ఇవ్వలేదట. రేకుపెట్టె దించి ఇద్దరమూ వెదకినాము. క్యాసెట్టు దొరికినది, కాగితము దొరకలేదు. ఆయన దానిని చొక్కా జేబులో వేసుకొని వెళ్లినాడు.

కుర్రవానికి జవాబు వచ్చినది. పేరు వేస్తామన్నారు, గడువుకు ఒప్పుకోలేదు. తాతగారు ఇంకా వేలిముద్ర వేయలేదు.