స్విచ్చు ఎక్కడో... వెలుగు ఉప్పల్లో!

పొద్దుగూకే వేళ. ఉప్పల్ రింగురోడ్డు కూడలి కిటకిటలాడుతోంది. వరంగల్ బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు, మెట్రో దిగి నాచారం ఆటో ఎక్కేవాళ్లు, 2023లో తెరిచిన స్కైవాక్ మీద నుంచి కింది ట్రాఫిక్‌ను చూసేవాళ్లు... అందరి మీదా ఒక్కసారిగా తెల్లని వెలుగు పరుచుకుంటుంది. ఎవరు వేశారా దీపాలు? ఎంత వెతికినా స్విచ్చు నొక్కిన మనిషి కనిపించడు!

ఉప్పల్ కలాన్, కాప్రా వేర్వేరు మున్సిపాలిటీలుగా ఉన్న రోజుల్లో వీధి దీపాలను సాయంత్రం ఎవరో ఒకరు వేయాలి, తెల్లారాక ఎవరో ఒకరు తీయాలి. మర్చిపోతే పట్టపగలే దీపాలు! ఆ రెండూ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. పదేళ్ల తర్వాత, 2017లో, జీహెచ్‌ఎంసీ ఈఈఎస్‌ఎల్ సంస్థతో కలిసి నారింజరంగు సోడియం దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టడం మొదలుపెట్టింది. నగరమంతటా 4 లక్షలకు పైగా దీపాలు మారాయి. అంతకుముందే విశాఖ ఈ దారి పట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఊరిని చీకటి చేశాక, అక్కడ 90 వేలకు పైగా ఎల్‌ఈడీలు అమర్చారు.

పెట్టెలో సిమ్‌కార్డు

అసలు కిటుకంతా రోడ్డు పక్కన స్తంభానికి ఉండే పెట్టెలో ఉంది. పేరు సీసీఎంఎస్. అందులో ఒక మీటరు, ఒక గడియారం, సెల్‌ఫోన్లో ఉండేలాంటి సిమ్‌కార్డు ఉంటాయి. హైదరాబాద్‌లో పొద్దు డిసెంబరు మొదట్లో 5.40కే గూకుతుంది, జూన్ చివర్లో 6.50 దాటాక. ఆ లెక్క గడియారానికి తెలుసు. ఎంత కరెంటు ఖర్చవుతోందో సిమ్‌కార్డు ఎప్పటికప్పుడు ఇంటర్నెట్ ద్వారా చేరవేస్తుంది. ఇంజినీరు ఎక్కడున్నా తెర మీద చూసి, ఆ లైను మొత్తాన్ని వెలిగించొచ్చు, ఆర్పొచ్చు.

డాలస్‌లో మీట... బాల్కనీలో దివ్వెలు

ఇదే పద్ధతి ఇళ్లలోకీ వచ్చేసింది. హబ్సిగూడ, నాచారం కాలనీల్లో దీపావళికీ, క్రిస్మస్‌కీ వేలాడే సీరియల్ సెట్లకు వెయ్యి రూపాయల లోపు వైఫై ప్లగ్ ఒకటి తగిలిస్తే చాలు. ఇక్కడ దీపావళి రాత్రి ఏడైతే డాలస్‌లో అప్పుడే ఉదయం. అక్కడి కొడుకు ఫోన్లో మీట నొక్కితే ఆ మాట ప్లగ్ కంపెనీ సర్వర్‌కు, అక్కణ్నుంచి ఇంట్లోని రౌటర్‌కు, చివరికి బాల్కనీలోని ప్లగ్‌కు చేరుతుంది. అంతా రెప్పపాటులోనే!

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు. రౌటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ లేకపోతే కరెంటు పోయి వచ్చాక, అది మళ్లీ సర్దుకునేదాకా అమెరికా మీట పనిచేయదు. పాస్‌వర్డ్ తేలిగ్గా ఉంటే ముక్కూమొహం తెలియనివాళ్లు మన దీపాలతో ఆడుకోవచ్చు. ప్లగ్‌ను వాన తగలని చోటే పెట్టాలి.

ఆ ఒక్క దీపం ఆరితే...

ఇంట్లో దీపం ఆరితే ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది. మరి వీధిలో? పాతతరానికి నాచారం అంటే ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో. చుట్టుపక్కలవాళ్లకు మాత్రం బతుకుతెరువు చూపే పారిశ్రామికవాడ. రాత్రి షిఫ్టు దిగి పొడవాటి ప్రహరీల పక్కన నడిచే మహిళలకు ప్రతి దీపమూ ఓ ధైర్యం. కానీ పెట్టె లెక్కించేది లైను మొత్తాన్ని. పది దీపాలు ఆరితే కరెంటు వాడకం తగ్గి తెర మీద తెలుస్తుంది. నలభైలో ఒకటి ఆరితే? ఆ తేడా లెక్కలోకి రావడమే కష్టం. వచ్చినా అది ఏ స్తంభమో పెట్టె చెప్పలేదు. తెర మీద వీధి వెలుగుతూనే ఉంటుంది, మలుపు దగ్గర మాత్రం చీకటి!

అది చూడగలిగేది ఆ దారిన వెళ్లేవాళ్లే. ఈసారి దీపం లేని స్తంభం కనిపిస్తే దాని మీది నంబరు రాసుకుని మున్సిపల్ సిబ్బందికి చెప్పండి. నంబరు లేకపోతే పక్కనున్న దుకాణమో, గేటో గుర్తు చెప్పినా చాలు. నిచ్చెన వేసుకుని ఎక్కే మనిషికి కావాల్సింది ఆ ఆనవాలే.