వలస వెళ్ళిన తబలా

"మార్పు చేరితే సంప్రదాయం చెడిపోదా మాస్టారూ?" ప్రాచీన సాహిత్యం బోధించే నన్ను విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అప్పుడు నేను వారికి లండన్ నగరపు తబలాను గురించి చెబుతాను.

భారతదేశం నుండి బ్రిటన్‌కు వలస వెళ్ళిన కుటుంబాల పిల్లలు ఎందరో అక్కడే పుట్టి పెరిగారు. పుట్టినచోట మేనిరంగు వారిని పరాయివారిని చేసింది. తాతల ఊరికి వస్తే మాటతీరు విదేశీయులను చేసింది. "నీదే దేశం?" అన్న ప్రశ్నకు కొందరు సంగీతంతోనే బదులిచ్చారు. 1970లో లండన్‌లో జన్మించిన తల్విన్ సింగ్ పంజాబుకు వచ్చి గురుముఖతః తబలా అభ్యసించారు. తిరిగి వెళ్ళి ఆ నాదానికి ఎలక్ట్రానిక్ ధ్వనులను జోడించారు. ఆయన 'ఓకే' ఆల్బమ్‌కు 1999లో బ్రిటన్‌లో ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ పురస్కారం లభించింది.

ఇది అపచారమా? మన కచేరీ వేదికనే చూడండి. గాయకుని పక్కన పలికే వయొలిన్ ఐరోపా వాద్యం. రెండు శతాబ్దాల క్రితం దానిని కర్ణాటక సంగీతానికి తెచ్చినవారిలో బాలుస్వామి దీక్షితులు ప్రముఖులు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. నాటి కొత్తదనమే నేటి సంప్రదాయం.

అయితే, ఆ దీక్షితులకైనా ఈ తల్విన్‌కైనా సాధనే పునాది. నా పూర్వ విద్యార్థుల పిల్లలు నేడు అమెరికాలో త్యాగరాజ కృతులు పాడుతున్నారు. వారి తెలుగు ఉచ్చారణలో తేడా వినిపించినా నేను నొసలు చిట్లించను. గురువు దగ్గర ఎన్నేళ్ళు కూర్చున్నారని మాత్రం తప్పక అడుగుతాను.