సహియా సంచిలో మగవాడి వాటా

జంషెడ్‌పూర్ వెళ్లినవాళ్లు స్టీలు ప్లాంటు గేటు చూస్తారు, జూబిలీ పార్కు చూస్తారు, తెలుగువాళ్లయితే బిష్టుపూర్ రామమందిరంలో దండం పెట్టుకుని వస్తారు. ఎడిటర్ గారు నన్ను కుటుంబ నియంత్రణ మీద రాయమని పంపారు కనుక నేను ఎక్కువసేపు చూసింది శివారు బస్తీ అంగన్‌వాడీలో చాప మీద కూర్చున్న ఒక సహియా చేతుల్నే. మనవైపు ఆశా అనే కార్యకర్తను జార్ఖండ్‌లో సహియా అంటారు. నిరోధ్ పొట్లాలు, మాలా-ఎన్, ఛాయా మాత్రల అట్టలు, గర్భ పరీక్ష కిట్ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి ముందు పరిచింది. ఛాయా అట్ట మీద గోటితో గీతలు గీసి చెబుతోంది: మొదటి మూడు నెలలు ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి; ఆ తర్వాత ఆదివారం మాత్రమే. అంతరా సూది వేయించుకున్న చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, మూడు నెలలకి మళ్లీ రావాలి. నెలసరి అటూ ఇటూ అయితే బెంబేలు పడొద్దని ముందే హెచ్చరిస్తోంది, ఎందుకంటే చాలామంది మానేసేది అక్కడే. డిగ్రీలున్న డాక్టర్లు ఎందరో ఇంత విడమరిచి చెప్పరు. అంతా అయ్యాక సంచి సర్దుకుంటూ ఆమె గొణిగిన మాట: ‘ఇవన్నీ ఆడవాళ్లకి నేను చెబుతాను. వాళ్ల మొగుళ్లకి ఎవరు చెబుతారు?’

మన కుటుంబ నియంత్రణ లోపమంతా ఈ గొణుగుడులోనే ఉందని నా అభిప్రాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. మగవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు 0.3 శాతం. ఆశా ఆడమనిషే అయి ఉండాలన్నది నిబంధన. ఆమె మాట్లాడేదీ ఆడవాళ్లతోనే. మగవాడి దగ్గరికి వెళ్లే మనిషిని ఈ పథకం గట్టిగా నియమించనే లేదు. పల్లెల్లో ఇది కష్టమంటే ఒప్పుకోవచ్చు. జంషెడ్‌పూర్‌లో మాత్రం షిఫ్టు మారే వేళకి వేలమంది మగవాళ్లు అవే గేట్ల గుండా నడుస్తారు. చట్టం రాకముందే 1912లో ఎనిమిది గంటల పనిదినం, 1928లో ప్రసూతి భత్యం తెచ్చిన కంపెనీ ఊరిది. ఆ కంపెనీని దశాబ్దాలపాటు నడిపిన జె.ఆర్.డి. టాటా జనాభా గురించి దేశంలో అందరికన్నా ముందు హెచ్చరించినవాళ్లలో ఒకరు. 1992లో ఐక్యరాజ్యసమితి జనాభా పురస్కారం అందుకున్నారు. మగవాళ్లతో ఈ సంభాషణ మొదలుపెట్టడానికి దేశంలో ఇంతకన్నా అనువైన ఊరు నాకైతే తోచదు.

ఇనుము ఎత్తే మనిషికి ఆపరేషన్ చేస్తే సత్తువ పోతుంది కదా అంటారు. భార్యలే ఈ మాట ముందుగా అంటారు, అందుకే తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కోత, కుట్టు లేని వేసెక్టమీలో చర్మానికి చిన్న రంధ్రం చేసి వీర్యనాళాన్ని మాత్రం తెంపి కడతారు; మత్తు ఆ చోటికే, పని అరగంటలోపే. మగ హార్మోను నేరుగా రక్తంలోకి వెళుతుంది కాబట్టి ఈ నాళంతో దానికి సంబంధం లేదు. రెండు రోజులు విశ్రాంతి, వారంపాటు బరువులు ఎత్తకుండా ఉండటం, మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష, అప్పటిదాకా నిరోధ్. ఆడమనిషికైతే పొట్ట లోపలికి వెళ్లాలి, ఆమె మర్నాటినుంచే బిందె ఎత్తాలి. ఆ బిందె బరువు గురించి ఎవరూ బెంగపడరు, అదేమిటో!

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఎమర్జెన్సీ. 1976-77లో దేశంలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ముప్పాతిక వంతు మగవాళ్లవే, ఎన్నో బలవంతపువి. ఆ భయం నిజమైనది. అయితే దాని నుంచి ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం విచిత్రం: బలవంతం మానాలనుకోవడానికి బదులు మగవాళ్ల జోలికి పోకూడదనుకున్నాయి. లక్ష్యాలు 1996 దాకా ఉన్నాయి, శిబిరాలు ఆ తర్వాతా నడిచాయి, బరువు మొత్తం ఆడవాళ్ల మీద పడింది. 2014 నవంబరులో పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ జిల్లాలో ఆ కొద్దిరోజుల్లో 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. మూడేళ్లలో శిబిరాల పద్ధతి ఆపాలని సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో చెప్పాల్సి వచ్చింది.

ఆడవాళ్లే అడిగి చేయించుకుంటున్నారు, మీకేం బాధ అనేవాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో ఎన్నో ఉన్నాయి. వాళ్ల సొంత రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో అదే సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ అయినవాళ్లు. చాలామందికి ఇరవై అయిదేళ్లు దాటకముందే అయిపోతుంది. రెండో కాన్పు, వెంటనే ఆపరేషన్. మధ్యలో మాత్ర గానీ కాపర్-టి గానీ ఎదురుపడదు. తెలిసినది ఒక్కటే అయినప్పుడు దాన్నే అడుగుతారు. దీన్ని విజయమని చెప్పుకున్న రాష్ట్రమే 2024 నవంబరులో స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది, ఇంకా పిల్లల్ని కనమంటోంది. ఇరవై నాలుగేళ్లకే దారి మూసేయించుకున్న ఆమెకి ఇప్పుడు ఏం చెబుతారు? జనాభా తగ్గాలన్నా పెరగాలన్నా ఏలికల లెక్క ఆమె గర్భసంచితోనే. జె.ఆర్.డి. తరం వాదంలోనూ ఈ లోపం ఉంది: అంకె ముందు వచ్చింది, మనిషి తర్వాత.

టాటానగర్ స్టేషన్‌లో హౌరా వైపు బండెక్కితే రెండు గంటల్లో ఖరగ్‌పూర్. అక్కడి ఐఐటీలో సుజయ్ గుహ దశాబ్దాలు శ్రమించి మగవాళ్ల కోసం వీర్యనాళంలో వేసే సూదిమందు తయారుచేశారు. 303 మంది మీద జరిగిన మూడో దశ పరీక్షల ఫలితాలు 2023లో వెలువడ్డాయి, 99 శాతం పైనే పనిచేసిందట. అది బజారుకి వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు, చేతిలో ఉన్న పద్ధతి చాలు. కాంట్రాక్టు కూలీకి కంపెనీ రోల్లో ఉన్నవాడి సౌకర్యాలు దక్కవు కనుక మగవాళ్లకి ఇవి చెప్పించే బాధ్యత జిల్లా ఆరోగ్య శాఖదే. గేటు బయట, షిఫ్టు మారే వేళ, సిగ్గుపడకుండా మాట్లాడగల మగ కార్యకర్తలు నలుగురైదుగురు కావాలి. సహియాకి ఇచ్చినట్టే వాళ్లకీ ఒక సంచి, ఆమె నేర్చుకున్నంత శిక్షణ. లక్ష్యాలు మాత్రం పెట్టొద్దు.