గోడ ఎటువైపు ఉన్నది?

మనిషి విజయానికి నేర్పు కారణమా, నిలిచిన చోటు కారణమా అన్న ప్రశ్న చిన్ననాటి నుండి నన్ను వెంటాడుతూనే ఉన్నది. నాది ఎడమచేతి వాటం. మా గల్లీలో క్రికెట్ ఆడేటప్పుడు నేను బలంగా కొట్టిన బంతి సహజంగా కుడివైపు ఇండ్లలోకి పోయేది. ఇంట్లో బంతి పడితే ఔట్ అన్నది మా గల్లీ శాసనం. ఎడమవైపు ఖాళీ జాగా ఉండేది. కుడిచేతి వాటం గల మిత్రులు అటు కొట్టి పరుగులు తీసేవారు. “వీనికి ఆట రాదు” అనేవారు. నేనూ నమ్మినాను.

ఆ నమ్మకాన్ని సడలించినది, నేనెన్నడూ ఆడని అమెరికా వారి బేస్‌బాల్ ఆట. అందులో ఒక బేస్‌కూ మరొక బేస్‌కూ నడుమ దూరం 90 అడుగులు. బంతి విసిరే చోటి నుండి బ్యాటు పట్టే చోటికి 60 అడుగుల 6 అంగుళాలు. పెద్ద పోటీలలో ఈ కొలతలు ఏ నగరంలోనైనా ఒక్కటే. కాని మైదానం చివరి గోడ ఎంత దూరాన, ఎంత ఎత్తున ఉండవలెనన్నది ఊరూరికీ వేరు!

న్యూయార్క్ నగరంలో 1923లో తెరచిన యాంకీ స్టేడియంలో కుడివైపు గీత చివర గోడ 300 అడుగుల లోపే ఉండేది. ఎడమవైపు నుండి మధ్యకు వచ్చే మూల మాత్రం 450 అడుగులకు పైబడి ఉండేది. ఎడమచేతి వాటం ఆటగానికి అది స్వర్గం. కుడిచేతి వాటం వానికి శిక్ష. ఆ జట్టులోని మహా క్రీడాకారుడు జో డిమాజియోది కుడిచేతి వాటం. ఆయన కొట్టిన 361 హోమ్ రన్లలో సొంత మైదానంలోనివి 148 మాత్రమే. నా గల్లీ నాకు గుర్తుకు వచ్చినది.

అయితే చోటే సర్వస్వమనుట కూడ పొరపాటే. ఎడమచేతి వాటం గల బేబ్ రూత్ 1927లో 60 హోమ్ రన్లు కొట్టగా, వానిలో 32 పరాయి మైదానాలలోనివి. సెయింట్ లూయిస్ నగరపు కార్డినల్స్ జట్టు వారి అప్పటి మైదానం విశాలంగా ఉండేది; గోడ దాటించుట కష్టంగా ఉండేది. వారు పరుగునే ఆయుధంగా చేసుకున్నారు. 1982లో హోమ్ రన్లు 67 మాత్రమే కొట్టి, 200 బేస్‌లు దొంగిలించి, ఆ ఏటి వరల్డ్ సిరీస్ గెలిచినారు.

నా మనస్సుకు హత్తుకున్న కథ బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కుది. 1912లో తెరచిన ఆ మైదానంలో కుడివైపు హద్దు చాలా దూరం. 1939లో టెడ్ విలియమ్స్ అనే ఎడమచేతి వాటం యువకుడు జట్టులో చేరి 31 హోమ్ రన్లు కొట్టినాడు. 1940లో యాజమాన్యం కుడివైపు హద్దును ఇరవై అడుగులకు పైగా ముందుకు జరిపినది. ఆ ఏడు అతని హోమ్ రన్లు 23కు తగ్గినవి! అయినను జరిపిన హద్దును వెనుకకు నెట్టలేదు. 1941లో అతడు 37 హోమ్ రన్లు, .406 సగటు సాధించినాడు.

ఉర్దూ మాధ్యమంలో చదివి ఈ కళాశాలలో అడుగుపెట్టినప్పుడు, పాఠం ఒక భాషలో, నా ఆలోచన మరొక భాషలో సాగేవి. నేను ఎటు కొట్టినా గోడే. మా అధ్యాపకులొకరు సాయంకాలం కూర్చోబెట్టి అదే పాఠాన్ని ఉర్దూలో మరల చెప్పసాగినారు. మొదటి పరీక్షలో నా మార్కులు పెరుగలేదు. సిగ్గుతో చదువు మానుకొందామనుకున్నాను. ఆయన మాత్రం తరగతి మానలేదు. మరుసటి ఏడు ఉత్తీర్ణుడనైనాను. ఈ వ్యాసాన్ని తెలుగులో వ్రాయగలుగుతున్నాను.

కళాశాల సంఘం పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మొదటి ఏటి ఫలితాలు చూసి అటువంటి తరగతులను ఆపవద్దు. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! “నాకు రాదు” అని అనుకునే ముందు గోడ ఎటువైపు ఉన్నదో ఒకసారి చూచుకొనండి. గోడ జరిగిన నాడు, ఆడవలసిన బాధ్యత మాత్రం మనదే.